బీసీజీ టీకా: చర్మం పొరలోకే ఎందుకు, ఒక్కసారే ఎందుకు, ఒకచోట పనిచేసింది మరోచోట ఎందుకు చెయ్యలేదు?

టీకాపాఠం అడిగిన ప్రశ్న:

టీకాలు వేసే సిబ్బంది కోసం క్షయ (టీబీ) టీకా అయిన బీసీజీ మీద పాఠం రాస్తున్నాను. “ఎడమ చెయ్యి, చర్మం పొరలోకి, 0.05 మి.లీ., పుట్టగానే” అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే చేతికి అలవాటవుతుందేమో గానీ, ఎందుకలా అన్నది తెలియకపోతే ఏదో ఒక రోజు ఆ చెయ్యి తప్పుతుంది. కారణాలతో సహా చెప్పాలని ఉంది. కింది వాటికి ఖచ్చితంగా తెలిసినవాళ్లు జవాబివ్వండి.

పశువుల క్షయ క్రిమి మనుషుల టీకా ఎలా అయింది? జర్మనీలోని ల్యూబెక్‌లో పసిపిల్లలు చనిపోయింది ఈ టీకా వల్లనేనా, కాదా? ఈ ప్రశ్న ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

బ్రిటన్‌లో దాదాపు 80 శాతం రక్షణ చూపించిన టీకా చెంగల్పట్టులో పెద్దవాళ్లకు ఏ రక్షణా ఇవ్వలేదని తేలింది. మరి పుట్టిన ప్రతి బిడ్డకూ ఇంకా వేస్తున్నది దేనికి?

సూది దగ్గర జరిగే తప్పులేమిటి, ఏ తప్పుకు ఏం జరుగుతుంది? మందు కలపడం దగ్గర్నుంచి చెప్పండి.


పాతసీసా:

ముందు చరిత్ర సంగతి చెబుతాను. సూది సంగతి చేత్తో వేసేవాళ్లే చెప్పాలి.

ఆల్బెర్ కాల్మెట్ డాక్టరు, కమీ గెరిన్ పశువైద్యుడు. ఫ్రాన్స్ ఉత్తరాన లీల్‌లో ఉన్న పాశ్చర్ సంస్థలో 1908లో పని మొదలుపెట్టారు. వాళ్లు తీసుకున్నది మనుషుల క్షయ క్రిమి కాదు, పశువులది, అంటే మైకోబాక్టీరియం బోవిస్. పొదుగుకు క్షయ పట్టిన ఆవు పాల నుంచి ఎడ్మండ్ నొకార్ వేరు చేసిన రకం అది. ఈ జాతి క్రిములకు ఒంటికి మైనం పూసినట్టు దళసరి కొవ్వు పొర ఉంటుంది. అందుకే నీళ్లలో విడివడవు, ముద్దలు కడతాయి. ముద్దగా ఉన్నదాన్ని కొలిచి ఇవ్వడం కుదరదు. ఆ ముద్దలు విడగొట్టడానికే గ్లిజరిన్‌తో ఉడికించిన బంగాళాదుంప ముక్కకు ఎద్దు పైత్యరసం చేర్చి దాని మీద పెంచారు. ముద్దల కోసం వేసిన ఎత్తు ఇంకో ఫలితాన్నిచ్చింది: తరాలు మారేకొద్దీ క్రిమి పొగరు తగ్గింది, జంతువుల్లో జబ్బు తెప్పించలేని స్థితికి వచ్చింది.

అక్కణ్ణుంచి మూడు వారాలకోసారి కొత్త దుంప ముక్క మీదికి మార్చుకుంటూ పోయారు, 230 సార్లు. లెక్క వేస్తే 690 వారాలు, అంటే 13 ఏళ్ల పైమాటే. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి లీల్ జర్మన్ సైన్యం చేతిలోకి పోయినా వరస తెగనివ్వలేదు. ఈ ఓపికే నాకు ఈ కథ మొత్తంలో గొప్పగా కనబడుతుంది.

1921లో పారిస్‌లో వెయ్-హాలె, తుర్పాన్ అనే డాక్టర్లు మొదటిసారి ఒక పురిటి బిడ్డకు ఇచ్చారు. తల్లి క్షయతో పోయింది, బిడ్డను పెంచబోయే ముసలమ్మకూ అదే జబ్బు. సూదితో కాదు, నోటి ద్వారా ఇచ్చారు. బిడ్డకు క్షయ రాలేదు. చర్మం పొరలోకి సూదితో ఇచ్చే పద్ధతి 1927లో స్వీడన్‌లో అర్విద్ వాల్‌గ్రెన్ మొదలుపెట్టింది. 1928లో నానాజాతి సమితి టీకాను వాడమంది.

ఇక ల్యూబెక్. 1929 చివర్నుంచి 1930 వసంతం దాకా ఆ జర్మన్ పట్టణంలో సుమారు 250 మంది పసిబిడ్డలకు నోటి ద్వారా టీకా ఇచ్చారు. 70 మందికి పైగా చనిపోయారు, ఇంకా చాలామందికి క్షయ వచ్చి తగ్గింది. విచారణలో తేలిందేమిటంటే, పారిస్ నుంచి వచ్చిన బీసీజీలో దోషం లేదు. దాన్ని ల్యూబెక్‌లో పెంచిన ప్రయోగశాలలోనే మనుషులకు జబ్బు చేసే క్షయ క్రిమి కూడా పెరుగుతోంది, అది టీకాలో కలిసింది. బాధ్యులైన డాక్టర్లకు శిక్షలు పడ్డాయి. కాబట్టి మీ పాఠంలో ఇలా రాయండి: పిల్లల్ని చంపింది బీసీజీ కాదు, బీసీజీ సీసాలోకి చేరిన వేరే క్రిమి. బీసీజీ తయారీకి విడి గది, విడి పరికరాలు ఉండాలన్న నియమానికి ఈ ఘటనే పెద్ద ఆధారం.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. పారిస్ నుంచి దేశదేశాలకూ పంపిన క్రిమిని ఎవరికి వాళ్లు మళ్లీ మళ్లీ పెంచుకున్నారు. అప్పట్లో ఆరబెట్టి దాచే పద్ధతి లేదు, పెంచకపోతే చచ్చిపోతుంది. పెంచిన ప్రతిసారీ కొంచెం కొంచెం మారింది. 1920లలోనే బయటికి వెళ్లిన రష్యా, టోక్యో, బ్రెజిల్ రకాలకూ, 1927 తర్వాత వెళ్లిన డేనిష్ వంటి రకాలకూ జన్యువుల్లో తేడా ఉంది. 1960లలో గానీ ఆరబెట్టిన మూల విత్తనం దాచుకుని ప్రతి దఫా దాన్నుంచే తయారుచెయ్యడం నియమం కాలేదు. పేర్ల పక్కన కనిపించే అంకెలు కొన్ని ఆ తరాల లెక్కలే: టోక్యో 172 అంటే 172వ తరం దగ్గర ఆపిన విత్తనం. ఒకే పేరుతో వేస్తున్నా ప్రపంచమంతా ఒకే టీకా కాదు. ఒకచోట పనిచేసి మరోచోట చెయ్యకపోవడానికి ఇదీ ఒక కారణం అంటారు.

అన్ని రకాల్లోనూ లేనిది ఒకటుంది, ఆర్‌డీ1 అనే జన్యుభాగం. క్షయ క్రిమి కణం లోపలి సంచిని చీల్చుకుని బయటపడటానికి వాడే సరంజామా అందులోనే ఉంటుంది. 13 ఏళ్ల దుంప సేద్యంలో ఊడిపోయింది అదే. పొగరు తగ్గడానికి అదొక్కటే కారణం కాదు గానీ ప్రధాన కారణం.


సూదిమొన:

మందు కలపడం దగ్గర్నుంచి రాస్తున్నాను, మీరు అడిగినట్టే.

బీసీజీ బతికున్న క్రిమి. మిగతా టీకాల అలవాటుతో దీన్ని పట్టుకుంటే తప్పులు అక్కడే మొదలవుతాయి. సీసా ముదురు గోధుమ రంగులో ఉండేది వెలుతురు తగిలితే క్రిములు చస్తాయి కనుక. లోపలి పొడి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొడి గడ్డకట్టే చలికి పాడవదు. దాంతోపాటు వచ్చే సెలైన్ మాత్రం గడ్డకట్టకూడదు, గాజు పగులుతుంది.

కలపడానికి ఆ కంపెనీ ఆ టీకాతో ఇచ్చిన ద్రవమే వాడాలి, ఉన్నదంతా పొయ్యాలి. వేరే టీకా ద్రవమో, మామూలు డిస్టిల్డ్ వాటరో పోస్తే క్రిములు చావొచ్చు, చర్మం మండొచ్చు. ద్రవాన్ని ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టి టీకాతో సమానంగా చల్లబరచాలి. వెచ్చని ద్రవం పోస్తే కలిపిన క్షణంలోనే కొన్ని క్రిములు పోతాయి. పొడవాటి మెడ ఉన్న ఆంపూల్ అయితే లోపల గాలి ఉండదు. విరవగానే గాలి లోపలికి దూసుకెళ్లి పొడి ఎగురుతుంది. అందుకని వేలితో తట్టి పొడిని అడుక్కి దించి, మెడకు ప్లాస్టిక్ కాగితం చుట్టి నెమ్మదిగా విరవాలి.

ద్రవాన్ని సీసా గోడ మీదుగా జారవిడవాలి. గట్టిగా కుదపకూడదు. సిరంజిలోకి తీసి మళ్లీ సీసాలోకి వదలడం రెండు మూడుసార్లు చేస్తే చాలు, సమంగా కలుస్తుంది. కలిపిన టైము సీసా మీద రాయాలి. టీకా వేసే పని ముగిసినప్పుడు గానీ, 6 గంటలు దాటినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు పారెయ్యాలి. కొన్ని దేశాల కార్యక్రమాల్లో 4 గంటలే. మీ చోట ఏ గడువు ఉందో అదే పాఠంలో పెట్టండి. ఈ గడువు శక్తి తగ్గుతుందని మాత్రమే కాదు. ఇందులో క్రిమిసంహారకం ఏదీ కలపరు, కలిపితే టీకాయే చస్తుంది. అంటే చీము పట్టించే స్టాఫిలోకాకస్ క్రిమి బయటి నుంచి లోపలికి పోతే హాయిగా పెరుగుతుంది. మిగిలిన సీసాను మర్నాటికి ఉంచితే బిడ్డ ఒంట్లోకి వెళ్లేది విషం.

ప్రతి డోసు తీసే ముందు సీసాను మెల్లగా తిప్పాలి. పాతసీసా గారు చెప్పిన ముద్దలు ఇక్కడా ఉన్నాయి. క్రిములు అడుక్కి దిగుతాయి. తిప్పకుండా తీస్తే ఒక బిడ్డకు పలచని నీళ్లు, మరో బిడ్డకు చిక్కటి మందు. చిక్కటిది పడ్డ బిడ్డకు పుండు పెద్దదవుతుంది.

మోతాదు సాధారణంగా ఏడాది లోపు 0.05 మి.లీ., ఆపైన 0.1 మి.లీ. కొన్ని కార్యక్రమాల్లో నెల దాటగానే 0.1. డేనిష్ రకంలో 0.1 మి.లీ.కి 2 నుంచి 8 లక్షల బతికున్న క్రిములు ఉంటాయి. 0.05 మి.లీ. అంటే ఇంచుమించు ఒక్క నీటి చుక్క. ఆ చుక్కను మామూలు 2 మి.లీ. సిరంజితో కొలవడం జరిగే పని కాదు. బీసీజీకని వచ్చే చిన్న సిరంజి, 26 నంబరు పొట్టి సూది ఉండాలి. బుడగ ఉంటే ముందే తీసెయ్యాలి. ఇంత చిన్న కొలతలో చిన్న బుడగ కూడా సగం డోసును మింగేస్తుంది.

ఇక చెయ్యి. ఎడమ పై చేతి బయటి వైపు, భుజం కండరం ముగిసే చోట వెయ్యాలి. భుజం కొన మీద వేస్తే మచ్చ గుట్టగా లేచే కీలాయిడ్ ముప్పు ఎక్కువ. చర్మం మురికిగా ఉంటే నీళ్లలో తడిపిన దూదితో తుడవడం చాలు. స్పిరిట్ వాడితే పూర్తిగా ఆరేదాకా ఆగాలి, తడి మీద పొడిస్తే టీకా క్రిములు చస్తాయి. బిడ్డ చేతిని కింది నుంచి పట్టుకుని, బొటనవేలు చూపుడువేలు మధ్య చర్మాన్ని బిగలాగాలి. సూది వాలు కన్ను పైకి ఉండాలి, సూది దాదాపు చర్మానికి సమాంతరంగా పడుకోవాలి. 2 మి.మీ. లోపలికి వెళ్లాక సూది మొన చర్మం కింద నీడలా కనబడుతూనే ఉండాలి. కనబడకుండా పోయిందంటే లోతుకు దిగింది.

పిస్టన్ నొక్కితే బలంగా ఎదురు నెట్టాలి. అదే అసలు గుర్తు. ఆ ఎదురు లేకుండా సులువుగా పోతోందంటే చర్మం కింద కొవ్వులోకి పోతోంది. వెంటనే ఆపి, సూది తీసి, మిగిలింది సరైన పొరలోకి వెయ్యాలి. సరిగ్గా పడితే కళ్లముందే చర్మం తెల్లబడి, నారింజ తొక్క మీద ఉన్నట్టు సన్నని గుంటలతో దద్దురు లేస్తుంది. 0.1 మి.లీ.కి అది 7 మి.మీ. దాకా ఉంటుంది, 0.05కి అంతకన్నా చిన్నది. రుద్దకూడదు. అరగంటలో దానంతటదే అణుగుతుంది.

మొత్తం మందు లోతుకే పోతే మళ్లీ వెయ్యొద్దు. వేసినట్టే లెక్క. ఆ విషయం రాసి పెట్టి, చీముగడ్డ కోసం కొన్ని వారాలు కనిపెట్టుకోవాలి. బీసీజీ వల్ల వచ్చే చీముగడ్డల్లోనూ, చంకలో బిళ్ల కట్టడంలోనూ ఎక్కువ వాటికి మూలం ఈ లోతు, లేదా కొలత ఎక్కువవడం. రోజుకు వందమందికి వేసే చేతికైనా ఆ ఎదురు తగిలిందా లేదా అని ప్రతిసారీ గమనించడం నేర్పండి.

ఆ చేతికే మరో టీకా 3 నెలల దాకా వెయ్యకపోవడం మంచిది, ఆ పక్క చంక గ్రంథులు అప్పటికే పనిలో ఉంటాయి. పుట్టిన రోజే హెపటైటిస్-బి, పోలియో చుక్కలు ఇవ్వడానికి మాత్రం అభ్యంతరం లేదు. హెపటైటిస్-బి తొడకు వేస్తారు కదా.


అంకెలగూడు:

పాతసీసా గారి జవాబులో ఒక్క మాటతో నాకు పేచీ ఉంది. రకాల తేడా వల్లే ఫలితాలు మారాయనడం కుదరదు. బ్రిటన్‌లో 1950లో బడి పిల్లల మీద మొదలైన పెద్ద పరీక్షలో వాడింది కోపెన్‌హాగన్ నుంచి తెచ్చిన టీకా. 1968లో చెంగల్పట్టులో మొదలైన పరీక్షలో వాడిన రెండు రకాల్లోనూ ఒకటి డేనిష్‌దే. ఒకే తల్లి సంతానం అక్కడ 80 శాతానికి దగ్గరగా, ఇక్కడ సున్నా.

చెంగల్పట్టు పరీక్ష చిన్నదీ కాదు, అశ్రద్ధగా చేసిందీ కాదు. 2 లక్షల 60 వేల మంది, ఎవరికి టీకా ఎవరికి ఉత్త మందు అన్నది వేసేవాళ్లకూ తెలియదు, 15 ఏళ్లు వెంటపడి చూశారు. పెద్దవాళ్లలో కఫంలో క్రిమి కనబడే ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేదు, పిల్లల్లో కొద్దిపాటి రక్షణ కనబడింది. ఆ ఫలితం నిజం, దాన్ని తక్కువ చెయ్యకండి. కానీ ఆ పరీక్ష దేన్ని కొలిచిందో పాఠంలో తప్పకుండా చెప్పండి. అది పసిపిల్లల మెదడు పొరల క్షయను కొలవడానికి పెట్టిన పరీక్ష కాదు.

తేడా ఎందుకొచ్చిందంటే, ఇప్పటికి గట్టిగా నిలబడ్డ వివరణ ఇది. మట్టిలో, నీళ్లలో క్షయ క్రిమికి చుట్టాలైన మైకోబాక్టీరియాలు చాలా ఉన్నాయి, వేడి ప్రాంతాల్లో మరీ ఎక్కువ. టీకా వేసేసరికే శరీరం వాటిని ఎరిగి ఉంటుంది. దాని వల్ల రెండు జరగొచ్చు. ఆ పాత పరిచయమే కొంత రక్షణ ఇచ్చేసి ఉంటే బీసీజీ కొత్తగా చేర్చేది కనబడదు. లేదా ఆ పరిచయం ఉన్న శరీరం బీసీజీ క్రిమిని పెరగనివ్వకుండా తొందరగా చంపేస్తే అది నేర్పాల్సింది నేర్పకుండానే పోతుంది. 1966లో పామర్, లాంగ్ గినీ పందుల్లో మొదటిదాన్ని చూపించారు. పరీక్షలన్నిటినీ పోగేసి చూసిన 2014 సమీక్షలోనూ అదే తేలింది: పుట్టిన కొత్తలో వేసినవాళ్లకూ, వేసే ముందు ట్యూబర్‌క్యులిన్ పరీక్షలో (క్షయ క్రిమిని శరీరం ముందే ఎరుగునా అని చేతి చర్మం మీద చూసేది) స్పందన లేదని తేల్చుకున్న బడి పిల్లలకూ రక్షణ ఎక్కువ, భూమధ్యరేఖకు దూరంగా పోయేకొద్దీ ఎక్కువ.

అందుకే “పుట్టగానే”. క్షయ క్రిమి గానీ దాని చుట్టాలు గానీ తగలని శరీరం అప్పుడే దొరుకుతుంది.

ఇక దేనికి వేస్తున్నామన్నది. పెద్దవాళ్లలో క్షయ సోకినా చాలామందికి జబ్బు పైకి రాదు. ఏడాది లోపు బిడ్డ అలా కాదు. టీకా లేని బిడ్డకు ఆ వయసులో సోకితే 10 నుంచి 20 శాతం మందిలో క్రిమి రక్తంలో పడి మెదడు పొరలకో ఒళ్లంతటికో పాకుతుంది. ఒళ్లంతా పాకేదాన్ని మిలియరీ క్షయ అంటారు, ఆ పేరు ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చిరుధాన్యపు గింజలు చల్లినట్టు కనబడటం వల్ల వచ్చింది. మెదడు పొరల క్షయ నుంచి బతికి బయటపడ్డ పిల్లల్లో కూడా ఎంతోమందికి చూపో వినికిడో నడకో పోతుంది. బీసీజీ గట్టిగా ఆపేది వీటినే. మెదడు పొరల క్షయకు 73 శాతం, మిలియరీకి 77 శాతం రక్షణ అని 2006లో లెక్క కట్టారు. క్రిమి సోకడాన్నే ఆపడంలో మాత్రం బలహీనం, పిల్లల్లో సుమారు 19 శాతం. అంటే గుమ్మంలో ఆపేది తక్కువ, లోపలికొచ్చినదాన్ని ఒళ్లంతా తిరగనివ్వకపోవడం ఎక్కువ.

ఇంకోటి. పసిబిడ్డ కఫంతో క్షయ ఇతరులకు అంటడం అరుదు. జబ్బును పాకించేది పెద్దవాళ్లు. కాబట్టి బీసీజీ ఎంత బాగా వేసినా సమాజంలో క్షయ తగ్గుతుందని ఆశించకూడదు. అది కనిపెట్టి, మందులు పూర్తిగా వాడించడం వల్ల జరగాల్సిన పని. టీకాను దాని పనితోనే తూచాలి.


టీకాపాఠం:

ఎవరెవరు ఏం చెప్పారో అన్నీ రాసుకున్నాను, కృతజ్ఞతలు. సిబ్బందిని తల్లులు అడిగేవి ఇంకొన్ని మిగిలాయి. మచ్చ పడలేదు, మళ్లీ వేస్తారా? పుండు చీము పడుతోంది, ఏం పూయాలి? చంకలో బిళ్ల కట్టింది, కోయించాలా? తల్లికే టీబీ ఉంటే బిడ్డకు ఎప్పుడు వెయ్యాలి? వెయ్యకూడనివాళ్లు ఎవరు?


చంటిబిడ్డలవార్డు:

ముందు మామూలుగా జరిగేది చెబితే భయం సగం పోతుంది. దద్దురు ఆ రోజే అణుగుతుంది, తర్వాత రెండు మూడు వారాలు ఏమీ కనబడదు. తర్వాత ఎర్రటి చిన్న పొక్కు లేస్తుంది, నెమ్మదిగా పెద్దదవుతుంది, పగిలి పైపైన పుండవుతుంది, కొంచెం చీమూ కారుతుంది. చెక్కు కడుతుంది, ఊడుతుంది, మళ్లీ కడుతుంది. 6 నుంచి 12 వారాల్లో మానుతుంది. 4 నుంచి 8 మి.మీ. గుండ్రటి మచ్చ మిగులుతుంది. టీకా పని చేస్తున్న తీరే అది.

పుండుకు ఏమీ పూయకూడదు. ఆయింట్‌మెంట్లు, పసుపు, స్పిరిట్ ఏవీ వద్దు. పిండకూడదు, చెక్కు గీరకూడదు. స్నానం చేయించవచ్చు, మెల్లగా అద్ది ఆరనివ్వాలి. బాగా కారుతుంటే పొడి గాజుగుడ్డ వదులుగా కట్టాలి. గాలి ఆడని ప్లాస్టర్ అంటిస్తే తడి పట్టి మానడం ఆలస్యమవుతుంది.

మచ్చ పడకపోతే: టీకా వేసినట్టు రికార్డు ఉంటే మళ్లీ వెయ్యక్కర్లేదు. వేసినవాళ్లలో సుమారు 10 శాతం మందికి మచ్చ పడదు, మచ్చ రక్షణకు కొలబద్ద కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. రెండోసారి వెయ్యడం వల్ల అదనపు రక్షణ లేదని బ్రెజిల్‌లో బడి పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షలో తేలింది.

పొక్కు వారం లోపే లేచి గబగబా పుండైతే తేలిగ్గా తీసుకోకండి. శరీరం క్షయ క్రిమిని ముందే ఎరిగి ఉందని దానర్థం కావచ్చు. బిడ్డకూ, ఇంట్లోవాళ్లకూ టీబీ పరీక్ష చేయించాలి.

చంకలో బిళ్ల: టీకా వేసిన పక్కనే వస్తుంది, ఒక్కోసారి మెడ కింద ఎముక దగ్గర. గట్టిగా ఉండి, నొప్పి, జ్వరం లేకుండా బిడ్డ బాగా పాలు తాగుతుంటే వదిలెయ్యండి. నెలలు పట్టినా దానంతటదే కరుగుతుంది. మామూలు యాంటీబయాటిక్స్ పనిచెయ్యవు, టీబీ మందులు వాడినా తొందరగా తగ్గుతుందనడానికి ఆధారం లేదు. అదే మెత్తబడి, పైచర్మం ఎర్రబడి, వేలితో నొక్కితే లోపల కదులుతున్నట్టుంటే చీము పట్టింది. 10 లక్షల మందిలో 100 నుంచి 1000 మందికి ఇలా అవుతుంది. అప్పుడు డాక్టరు సూదితో చీము లాగేస్తారు. పగలబోతున్న చోట గుచ్చకుండా పక్కనున్న మంచి చర్మంలోంచి వెళ్తారు. కత్తితో గాటు పెట్టి వదిలితే నెలల తరబడి కారే రంధ్రం మిగులుతుంది. “గడ్డ కదా, కోసేస్తే పోతుంది” అన్న సలహా ఇక్కడ హాని చేస్తుంది, మీ పాఠంలో ఈ వాక్యానికి గీత గీయండి.

తల్లికి అంటించే దశలో టీబీ ఉంటే: బిడ్డను తల్లి నుంచి వేరు చెయ్యక్కర్లేదు, పాలు మానిపించక్కర్లేదు, తల్లి మాస్కు కట్టుకోవాలి. ముందు బిడ్డకు జబ్బు ఉందేమో చూడాలి. లేకపోతే నివారణ మందు మొదలుపెడతారు, మామూలుగా 6 నెలల ఐసోనయజిడ్. ఆ మందు బీసీజీ క్రిమినీ చంపుతుంది కాబట్టి కోర్సు పూర్తయి, పరీక్షలో సోకలేదని తేలాకే టీకా. రెండూ ఒకేసారి ఇచ్చి “వేశాం” అని రాసుకోవడం తరచూ జరిగే పొరపాటు.

వెయ్యకూడనివాళ్లు: పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపం ఉన్నవాళ్లు. ఇది బతికున్న క్రిమి కదా, ఆ పిల్లల్లో ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. మొత్తం మీద ఇలా పాకడం 10 లక్షల్లో 0.19 నుంచి 1.56 మందికే, కానీ పాకితే కాపాడటం కష్టం. అందుకే టీకా వేసే ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ బిడ్డకు ముందు పుట్టిన పిల్లలెవరైనా కారణం తేలకుండా పసితనంలోనే పోయారా? అవునంటే ఆపి డాక్టరుకు చూపించాలి. తల్లి గర్భంతో ఉండగా రోగనిరోధక శక్తిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి సూదులు వాడినా ఆపాలి. ఆ మందు మావి దాటి బిడ్డ ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. అలా పుట్టిన బిడ్డ బీసీజీ పాకి చనిపోయిన సంఘటన 2010లో వైద్య పత్రికల్లో వచ్చింది.

హెచ్‌ఐవీ ఉన్న బిడ్డకు మందులు మొదలుపెట్టి, ఆరోగ్యం కుదుటపడి, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) నిలకడగా ఉన్నాక వెయ్యాలి. తల్లికి హెచ్‌ఐవీ ఉండి, బిడ్డ సంగతి ఇంకా తేలకపోయినా లక్షణాలు లేకపోతే పుట్టగానే వెయ్యొచ్చు. బరువు తక్కువని మాత్రమే ఆపకండి. 31 వారాలు దాటి పుట్టి నిలకడగా ఉన్న బిడ్డకు వెయ్యొచ్చు.


అంకెలగూడు:

పై జవాబుకు చిన్న చేర్పు. బీసీజీ క్రిమి పాకినప్పుడు వాడే మందుల్లో పైరజినమైడ్ పనికిరాదు. బోవిస్ జాతికి ఆ మందు పుట్టుకతోనే ఎక్కదు, అందుకే క్షయకు అలవాటైన మందుల జాబితా యథాతథంగా రాయకూడదు. పశువుల క్రిమి నుంచి వచ్చిందన్న చరిత్ర ఇక్కడ నేరుగా అక్కరకొస్తుంది.

ట్యూబర్‌క్యులిన్ పరీక్ష గురించి కూడా రాయండి. బీసీజీ వేసినవాళ్లకు ఆ పరీక్షలో చెయ్యి వాచవచ్చు, క్షయ సోకకపోయినా. అయితే పసితనంలో వేస్తే ఆ ప్రభావం తొందరగా పోతుంది, పదేళ్లు దాటాక నూటికి ఒక్కరిలో మాత్రమే మిగులుతుంది. కాబట్టి పెద్దవాళ్లలో వాపు బాగా వస్తే “చిన్నప్పటి బీసీజీలే” అని కొట్టిపారెయ్యడం తప్పు. ఇగ్రా రక్తపరీక్షకు ఈ గొడవే లేదు. అది వెతికేది ఆర్‌డీ1లో ఉండే మాంసకృత్తుల కోసం, ఆ భాగం బీసీజీలో లేదు.


సూదిమొన:

ఒక జాగ్రత్త మర్చిపోయాను. మూత్రాశయ క్యాన్సర్‌కు వాడే బీసీజీ కూడా ఉంది, 1976 నుంచి తెలిసిన చికిత్స. వారానికోసారి చొప్పున 6 వారాలు గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పోస్తారు. క్రిమి అదే గానీ గాఢత ఎన్నో రెట్లు. రెండూ ఒకే ఫ్రిజ్‌లో ఉండే చోట అర వేరు, లేబులు వేరు చెయ్యాలి. ఆ సీసా పొరపాటున చేతికి వేస్తే చీముగడ్డ ఖాయం.


పాతసీసా:

అంకెలగూడు గారి పేచీ సరైనదే. రకాల తేడా దుష్ఫలితాల్లో కనబడినంతగా రక్షణలో కనబడదు, నా వాక్యం సరిచేసుకుంటున్నాను.

కొత్త టీకాల గురించి ఎవరైనా అడిగితే ఇంతవరకూ చెప్పొచ్చు. ఎం72 అనే టీకా అప్పటికే క్రిమి సోకిన పెద్దవాళ్లలో మూడేళ్లలో జబ్బును సుమారు సగానికి తగ్గించింది, ఆఖరి దశ పరీక్ష 2024లో దక్షిణాఫ్రికాలో మొదలైంది. అది బీసీజీ స్థానంలో రావడానికి కాదు, బీసీజీ కాపాడలేని వయసువాళ్ల కోసం. 2020లో కోతులకు అదే పాత బీసీజీని రక్తనాళంలోకి ఎక్కిస్తే 10లో 9 కోతులకు గట్టి రక్షణ వచ్చింది. మనుషులకు ఆ దారిలో ఇవ్వడం లేదు. శిక్షణలో ఈ మాట వస్తే వెంటనే చెప్పాల్సింది, బీసీజీ టీకా చర్మానికి వేసేదే గానీ రక్తనాళంలోకి ఎక్కించడం ఆమోదించిన దారి కాదని.